చెరో కొస

సింధూరికి తాళ్ళంటే ఒళ్ళు మంట. వాళ్ళ నాన్న నారాయణమూర్తికి అరసవల్లిలో తాళ్ళు, బకెట్లు, టార్పాలిన్ల కొట్టుంది. తాడు అడిగితే ఆయన టేపు తియ్యడు. రెండు చేతులూ బారజాపి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి కోసిచ్చేస్తాడు. బారకీ బారకీ జానెడు తేడా వచ్చినా అమ్మేవాడికీ పట్టదు, కొనేవాడికీ పట్టదు. ఇంజనీరింగ్ చదివిన పిల్లకి మాత్రం అది చూస్తే అన్నం సహించేది కాదు. ఆ కచ్చతోనే కొలతల యంత్రం చేసిందని వాళ్ళమ్మ కన్యాకుమారి అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

యంత్రమంటే పెద్దదనుకునేరు, సబ్బుబిళ్ళంత. ఫోను వెనక తగిలించుకుంటే చాలు, ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని, నెట్‌లో వచ్చే సవరణలు కలుపుకుని, మనిషి నేలమీద ఎక్కడ నిలబడ్డాడో రెండు సెంటీమీటర్ల తేడాలో చెప్పేస్తుంది. ఊరికే రాలేదది. మొదట చేసింది ఇటుకంత ఉండేది, తర్వాతది టిఫిన్ డబ్బా అంత. యాంటెనా తగ్గిస్తే సంకేతం అందదు. బ్యాటరీ తగ్గిస్తే మధ్యాహ్నానికే ఆరిపోతుంది. రెండూ సరిపెడితే ఎండలో ఫోను పెనంలా కాలిపోతుంది. కొట్టు మేడమీద గదిలో ఆ పిల్ల పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. చివరికి సాధించింది. సర్వేయర్లు లాగే గొలుసు వద్దు, మూడుకాళ్ళ స్టాండు వద్దు, పట్టుకోడానికి రెండో మనిషీ వద్దు. ఆమె గర్వమంతా ఆ 'వద్దు'ల్లోనే ఉంది.

"తాడూ బొంగరం లేని పని ఇంకెన్నాళ్ళు తల్లీ?" అన్నాడు నారాయణమూర్తి. "ఈ వేసవిలోగా ఒక్క ఆర్డరు తెచ్చుకో, మళ్ళీ కొట్టు మాట ఎత్తను. లేదా, వచ్చి గల్లాపెట్టె దగ్గర కూచో."

ఆ గల్లాపెట్టె తప్పించుకోడానికే సింధూరి పాతపట్నం దగ్గర ఒక ఊరికి బయల్దేరింది. అక్కడి రైతు సంఘం అధ్యక్షురాలు పద్మకుమారి ఫోనులో ఒకటే మాట చెప్పింది. మా ఊళ్ళో ఒక గట్టు తగువుంది, అది తీర్చు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇరవై యంత్రాలు నేనే తీసుకుంటాను. బయల్దేరేముందు నారాయణమూర్తి అడక్కుండానే సామాను పెట్టెకి నీలం నైలాన్ తాడు బిగించి కట్టాడు. ఒక పెట్టెకి సరిపడా కట్టడం ఆయనకి చేతకాదు, పది పెట్టెలకి సరిపోయేంత చుట్టాడు.

తగువు కూర్మయ్యకీ అప్పలసూరికీ. ఇద్దరూ బావాబావమరుదులు. వాళ్ళ పొలాల మధ్య ఉండే హద్దురాయి వరదకి కొట్టుకుపోయింది. అప్పట్నుంచి ఒకరి మొహం ఒకరు చూడరు, ఒకరు పిలిచిన సర్వేయరుని ఇంకొకరు పొలంలో కాలు పెట్టనివ్వరు. రాయి ఉండాల్సిన చోటుకి రికార్డులో అంకెలున్నాయి. సింధూరి ఆ అంకెలు ఫోనులోకి ఎక్కించింది. కోసేసిన వరిదుబ్బుల్లో నాలుగడుగులు అటూ, రెండడుగులు ఇటూ వేసింది. ఫోను కీచుమంది. అక్కడ గుప్పెడు సున్నం పోసి, చేతులు దులుపుకుని, చప్పట్లు కొడతారేమోనని చూసింది.

ఎవరూ కొట్టలేదు.

"అయిపోనాదా?" అన్నాడు కూర్మయ్య.

"అయిపోయింది బాబాయ్."

"అదేటి? నానేటీ పట్టుకోనేదే!"

"నానూ పట్టుకోనేదు," అన్నాడు అప్పలసూరి. "మా అయ్యా, ఆల అయ్యా గొలుసు సెరో కొసా పట్టుకుంటే పాతిన రాయమ్మా అది. మన సెయ్యి పడకుండా కొలిసింది కొలతేటి?"

"మా బావ సెప్పింది నిజిం," అన్నాడు కూర్మయ్య.

వరద వచ్చిన తర్వాత వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి మాట అదే. సింధూరి యంత్రం పనికిరాదని.

ఆమె ఉపగ్రహాల గురించి చెప్పింది. ఆకాశంలో తిరిగేవాటికి నా గట్టు సంగతేటి తెలుస్తాదని కూర్మయ్య అడిగాడు. ఆమె సెంటీమీటర్ల గురించి చెప్పింది. అప్పలసూరి బీడీ ముట్టించాడు. పద్మకుమారి ఆమెని పక్కకి పిలిచి, "నాకు కొలత ఒక్కటే సాలదమ్మా, ఈలిద్దరూ ఒప్పుకోవాల. నేకపోతే ఇరవై కాదు, ఒకటి కూడా తీసుకోను," అంది మొహమాటం లేకుండా.

సింధూరికి గల్లాపెట్టె కళ్ళముందు కనిపించింది. ఏడుపొచ్చింది, ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. పట్టుకోవాలా? పట్టుకోండి! పెట్టెకున్న నీలం తాడు సరసరా విప్పింది. సున్నం గుర్తుని చెప్పుకాలితో చెరిపేసింది. ఫోనుని తాడు మధ్యలో కట్టి, ఒక కొస కూర్మయ్య చేతిలో, ఒక కొస అప్పలసూరి చేతిలో పెట్టి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెప్పనంత పెద్ద అబద్ధం చెప్పింది.

"ఇద్దరూ సమానంగా లాగితేనే పలుకుతుంది."

ఇంక చూడాలి. కూర్మయ్య పంచె ఎగ్గట్టాడు. అప్పలసూరి బీడీ పారేసి మడమలు తన్నిపట్టాడు. "దొంగలాగుడు లాగతన్నావు బావా!" అని ఒకడు, "నీ ఎత్తులు నాకు తెల్వవేటి?" అని ఒకడు. గట్టు మీద నిలబడ్డవాళ్ళు రెండు జట్లయిపోయి అరిచారు. సింధూరి "కొంచెం ఇటు, ఇంకొంచెం అటు" అంటూ ఇద్దరినీ పొలమంతా తిప్పింది. ఇద్దరూ చెమటతో తడిసి, రొప్పి, తాడు వదలకుండానే చతికిలబడబోయే వేళకి ఫోను కీచుమంది.

"పలికీనాది!" అని ఇద్దరూ ఒక్కసారే కేకేశారు.

రాయి పాతడానికి గునపం వేస్తే పైకొచ్చిన మొదటి మట్టిగడ్డకి సున్నం అంటుకుని ఉంది. సింధూరి గబుక్కున దాన్ని మడమతో నొక్కేసింది. ఆమెకి సంతోషంగా ఉంది, సిగ్గుగానూ ఉంది. ఏది ఎక్కువో కొలవడానికి యంత్రం లేదు. తాను గట్టిగా పట్టకపోతే జానెడు నేల పోయేదని కూర్మయ్య తనవాళ్ళతో చెబుతున్నాడు. అదే మాట అప్పలసూరి తనవాళ్ళతో చెబుతున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకే గట్టుమీద కూర్చుని టీ తాగారు.

మనసాగక సింధూరి పద్మకుమారికి నిజం చెప్పేసింది. "అక్కా, ఆ తాడుకి పనేమీ లేదు."

"నాకు తెల్దేటి? నువ్వు సున్నం సెరిపినప్పుడే సూసినాను," అంది పద్మకుమారి. "ఇరవైయ్యీ పంపు. ఒక్కోదానికీ తాడు మాత్రం మర్సిపోకు. ఇంతకన్నా లావుది కట్టు."

ఆ సాయంత్రం కొట్లో నారాయణమూర్తి ఆనందం చెప్పతరం కాదు. కూతురు ఆర్డరు తెచ్చిందన్న దానికంటే, ఇరవై ముక్కలు లావుపాటి తాడు ఒక్కసారే పోతోందన్నదానికి. ఆయన బారలు కొలుస్తుంటే, లెక్క తప్పకుండా చూడ్డానికి సింధూరి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. కూర్చున్నాక గానీ ఎక్కడ కూర్చుందో ఆమెకి తెలియలేదు.

అంతలో ఫోను మోగింది. అప్పలసూరి. చెయ్యి ఖాళీలేక స్పీకరులో పెట్టింది.

"పాపా, మా తమ్ముడిదీ ఒక గట్టు తగువున్నాది. ఆ సబ్బుబిళ్ళ అక్కర్నేదు గానీ, తాడొక్కటీ ఇడిగా అమ్ముతారేటి?"

వెనక నారాయణమూర్తి, చాపిన చేతులు చాపినట్టే ఉంచి, "ఎన్ని బారలు కావాలో అడుగమ్మా," అన్నాడు.