మోరీ ఈగలు

దేవవ్వ స్నానం చేస్తే పిల్లి పాలు తాగినంత చప్పుడు కూడా కాదు. బాత్రూం గోడమీద చిందకుండా చెంబుతో నీళ్లు భుజంమీద మెల్లగా ఒంపుకుంటుంది. ఆ గోడనిండా మోరీ ఈగలు, మురుగునీళ్ల తూములో పుట్టేవి. నువ్వుగింజంతేసి ఉంటాయి, రెక్కలమీద బూడిదరంగు నూగు. ఊదితే లేచి, జానెడు దూరం ఎగిరి, మళ్లీ కూర్చుంటాయి. వాటికి ఎగరడమన్నా బద్ధకమే. ఆమె మొగుడు రాయమల్లూ బతికినన్నాళ్లూ అంతే.

పోయిన వానాకాలం ఆయన ఈ బాత్రూంలోనే జారిపడి చనిపోయాడు. ప్రాణం పోయినచోట దీపం పెట్టి, పిండి పరిచి, గంప బోర్లించారు. తెల్లారి గంప ఎత్తి, పిండిమీద ఏ గుర్తులుంటే ఆ జన్మ ఎత్తినట్టు అనుకుంటారు. వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. చీమ అన్నారు కొందరు. పిట్టేనన్నాడు దాయాది పాలివాడు లక్ష్మీరాజం. రెక్కలకు పిండి అంటుకుని ఎగరలేక పాకుతున్న ఈగను దేవవ్వ ఒక్కతే చూసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, నవ్వకపోతే తనకు ఏడుపొస్తుంది.

ఆ రోజే ఫినాయిల్ డబ్బా మంచం కిందికి తోసేసింది. బీడీలు చుడుతూ చుడుతూ లేచి, బాత్రూం తలుపు తీసి గోడవైపు చూసి వస్తుంది. పడ్డనాడు ఆయన లోపలినుంచి పిలిచాడు. చేతిలో బీడీకట్ట ఉంది, దారం చుట్టాక లేద్దాంలే అనుకుంది. ఆ పిలుపు ఇంకా చెవుల్లోంచి పోలేదు.

ఈ పొద్దున కోడలు కోమల చిరాకుపడింది. తన పాకే పిల్ల దీపిక కళ్లలో ఈగలు పడుతున్నాయి, పాలగిన్నెలోనూ తేలాయి. సాయంత్రం యాసిడ్ తెచ్చి పోస్తానని చెప్పి, హుజూరాబాద్‌లో బట్టల దుకాణానికి పనికి పోయింది. యాసిడ్ మాట విన్న దేవవ్వ లేచి వెళ్లి బాత్రూం తలుపు దగ్గరగా మూసింది.

మధ్యాహ్నం పిల్ల కళ్లు నలుపుకుంటూ ఏడ్చింది. రెప్ప మూల తడిలో ఒక ఈగ. దేవవ్వ కొంగుకొసతో తీసింది. అది చచ్చిపోయి ఉంది. చాలాసేపు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత పొయ్యిమీద గంజునిండా నీళ్లు పెట్టింది. యాసిడ్ కన్నా మరిగిన నీళ్లే నయం. వేడినీళ్లు ఆయనకు అలవాటే.

గంజు పట్టుకుని బాత్రూం గడపలో నిలబడింది.

"పిల్ల కండ్లు ఎర్రవడ్డయి. ఇన్నొద్దులు నేనే పోనియ్యలే. ఇగ పో," అంది.

గోడమీద ఒక్కటీ కదల్లేదు.

"ఆ పొద్దు నువ్వు పిలిస్తే రాలే. గిప్పుడొచ్చిన."

గోడమీదా మోరీలోనూ పోసింది. ఆవిరికి ఏమీ కనబడలేదు. ఆవిరి పోయాక గోడ తెల్లగా ఉంది. సాయంత్రం కోమల వచ్చి చూసి, యాసిడ్ సీసా మూత తీయకుండానే పక్కన పెట్టింది. అద్దం కింది గూట్లో రాయమల్లు గడ్డం గీసుకునే రేజరు మాత్రం అలాగే ఉంది, ఎండిన సబ్బులో రెండు తెల్ల వెంట్రుకలతో.