మాస్టారింటి నక్షత్రం

నేను ఒక నక్షత్రాన్ని. ఆకాశంలో ఉండేదాన్ని కాను. వెదురు బద్దల మీద ఎర్ర కాగితం అంటించుకుని, కడుపులో బల్బు పెట్టుకుని డిసెంబరులో మాత్రం వెలుగుతాను. మిగతా కాలమంతా చీరాలలో ఒక ఇంటి వసారా అటక మీద పాత చాపకు ఆనుకుని పడి ఉంటాను.

నన్ను చేసింది దేవసహాయం మాస్టారు. పేరు దేవసహాయమే గానీ ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారు, హేతువాద సంఘం సభల్లో గొంతు చించుకునేవారు. పెళ్లయిన తొలి డిసెంబరులో ఆయన భార్య సువార్తమ్మ, "వీధంతా స్టార్లు కట్టారు. మన గుమ్మమే చీకటిగా ఉంది" అని ఒక్క మాట అంది. ఆయన మారు మాట్లాడకుండా వెదురు తెచ్చి, బద్దలు చీల్చి, వేళ్లు కోసుకుని నన్ను కట్టారు. ఆమె చర్చికి వెళ్లి పాటలు పాడుకుంటే ఆయన ఇంటి దగ్గర నా వైరు సరిచేసుకుంటూ ఉండేవారు.

సువార్తమ్మ పోయాక కూడా ఆయన మానలేదు. ఏటా కొత్త కాగితం అంటిస్తూ, అసలు నక్షత్రాలు ఎందుకు మండుతాయో నాకే పాఠం చెప్పేవారు. "మీకు దేవుడు లేడు గదా మాస్టారూ, మరి ఇదేంటి?" అని ఒక శిష్యుడు ధైర్యం చేసి అడిగాడు. "దేవుడు మా ఇంటికి రాడురా. పండగ వస్తుంది. వచ్చినదాన్ని పొమ్మంటామా?" అన్నారు. మనుషుల తర్కం అప్పటికీ ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుబట్టలేదు.

ఆయనకు ఇద్దరు పిల్లలు. కొడుకు జయరత్నం మోటార్లు వైండింగు చేసే షాపు పెట్టుకుని తండ్రి దారిలో నడిచాడు. కూతురు సలోమిది తల్లి దారి. ఆమె అత్తవారిల్లు అదే ఊళ్లో, రైలుగేటు అవతల. పండగ ముందు రోజు అరిసెల డబ్బాతో వచ్చేది. అన్నాచెల్లెళ్లు దేవుడి గురించి కీచులాడుకునేవాళ్లు. డబ్బా ఖాళీ అయ్యేసరికి వాదన కూడా అయిపోయేది.

మొన్న వర్షాకాలంలో మాస్టారు పోయారు. తన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వమని ఆయన ముందే చెప్పి ఉంచారు. అటక మీదున్న నాకు ఆ ఉదయం ప్రతి మాటా వినబడింది. వాకిట్లో అంబులెన్సు ఆగి ఉంది. దాని తలుపు పట్టుకుని సలోమి వదలడం లేదు.

"అమ్మ పక్కన చోటుందన్నయ్యా. నాన్నని అక్కడ పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటా."

"నాన్న మాట సలోమీ అది. నేనెట్టా కాదంటాను?"

"పోయినాయన మాటేనా? బతికున్నదాన్ని, నా మాట అక్కర్లేదా?"

జయరత్నం ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. బండి కదిలింది. "ఇక ఈ గడప తొక్కను" అని సలోమి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె గొంతు ఆ ఇంట్లో వినబడలేదు.

డిసెంబరు వచ్చింది. జయరత్నం నన్ను దించి దుమ్ము దులుపుతుంటే అతని భార్య విమల చేతిలో పని ఆపి చూసింది.

"ఈ ఏడు మానేద్దామండీ. సలోమి చూసిందంటే పుండు మీద కారం చల్లినట్టుంటుంది."

"కట్టకపోతే?"

విమల ఆలోచించింది. "అదీ తప్పే అవుతుంది" అంది.

ఆ సాయంత్రమే హేతువాద సంఘం మిత్రుడు రామ్మోహన్ వచ్చి నన్ను చూసి మొహం చిట్లించాడు. "మాస్టారి దేహదానం గురించి ఊరూరా చెప్పుకుంటున్నాం. నువ్వేమో ఇది కడుతున్నావు. నలుగురూ నవ్వరా?" జయరత్నం తలెత్తకుండా నా కాగితానికి జిగురు పూస్తూ పోయాడు.

పండగ ముందు రోజు, దీపాలు పెట్టే వేళ. సముద్రపు గాలి విసురుగా ఉంది. నన్ను కొసన కట్టి ఎప్పుడూ తండ్రీ కొడుకులు కలిసి ఎత్తే కర్రను జయరత్నం ఒక్కడే ఎత్తుతున్నాడు. నేను గాలిలో ఊగిసలాడుతున్నాను, నా బద్ద ఒకటి చిట్లింది.

"దించు."

వాకిట్లో సలోమి నిలబడి ఉంది. చేతిలో అరిసెల డబ్బా లేదు, గుడ్డ సంచి ఉంది.

"దించన్నయ్యా దాన్ని. నమ్మినదాన్ని నేను. నీకేం హక్కుంది? శవానికొక న్యాయం, పండక్కొక న్యాయమా?"

"నాన్న కూడా నమ్మలేదు. అయినా కట్టాడు."

"అమ్మ కోసం కట్టాడు."

"అమ్మ పోయాక?"

విమల గుమ్మంలోనే నిలిచిపోయింది. గాలికి కర్ర జారుతుంటే జయరత్నం భుజం అడ్డంపెట్టి ఆపాడు.

"నువ్వు రైలుగేటు దాటగానే నీకు కనబడాలని నాన్న ప్రతి ఏడూ పొడుగు కర్ర వెతికేవాడు. నాకు దేవుడు తెలియదమ్మా. ఇది కట్టకపోతే నువ్వు రావని మాత్రం తెలుసు."

ఆమె మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. సంచి తెరిచింది. అందులో పసుపు చామంతుల దండ.

"పొద్దున అమ్మ సమాధికి సున్నం వేయించి పూలు పెట్టా. పక్కనంతా ఖాళీ నేల. నాన్న పూలు నా చేతుల్లోనే మిగిలిపోయినయ్. వీటిని ఎక్కడ పెట్టమంటావ్? నువ్వే చెప్పు."

జయరత్నం మెల్లగా కర్ర దించి నన్ను ఆమె పాదాల దగ్గర ఆనించాడు.

"ఇవి నాన్న తన చేతులతో చీల్చిన బద్దలు. ఇక్కడ కట్టు."

సలోమి కాలితో తన్నుతుందేమోనని నేను భయపడ్డాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చిట్లిన బద్దను కూడా కలుపుకుంటూ దండను నాకు చుట్టి, కళ్లు మూసుకుని ప్రార్థించింది. జయరత్నం కళ్లు మూయలేదు. ప్రార్థన అయిందాకా కర్రను కదలనివ్వకుండా పట్టుకున్నాడు. "ఆమెన్" అని ఆమె లేచి కర్రకు రెండో వైపు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఎత్తారు. పూల బరువుకు నేను కాస్త పక్కకు ఒరిగాను.

మర్నాడు రామ్మోహన్ వచ్చి, తలెత్తి నన్ను చూసి, ఏదో అనబోయి, విమల ఇచ్చిన ప్లేటు అందుకున్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

ఇప్పుడు మళ్లీ అటక మీద ఉన్నాను. ఆ వాకిట్లో ఎవరు గెలిచారో నాకు తెలియదు. సలోమి ఇంకా నమ్ముతోంది, జయరత్నం ఇంకా నమ్మడం లేదు. వైద్య కళాశాల గురించి ఆమె ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు, క్షమించానని అనలేదు. కానీ కొత్త సంవత్సరం వెళ్లాక నన్ను దించే రోజున తనే వచ్చి స్టూలెక్కింది. ఎండిన పూలు రాలకుండా నన్ను అటక మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, కిందికి చూడకుండానే అంది:

"వచ్చే ఏడు కర్ర మార్చన్నయ్యా. వంగిపోతోంది."