గడువుకు ముందే ఖాళీ

మా ఆయన పద్మనాభం కోసం అమెరికావాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది జీవితంలో ఒక్కసారే. ఆ చప్పట్ల ఖరీదు నా బిల్డింగ్.

నా బిల్డింగ్ అని ఎందుకంటున్నానంటే అది నాదే. ట్రాయ్‌లో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళు ఊరివాళ్ళ రక్తాలూ మూత్రాలూ పరీక్ష చేసి కూడబెట్టిన డబ్బుతో, నా పేరు మీద కొన్నాను. ట్రాయ్‌కి గంటన్నర దూరంలో వెల్బీ అనే చిన్న ఊరు. అందులో ఎనిమిది అపార్ట్‌మెంట్ల పాత ఇటుకల బిల్డింగ్. ఆయన కార్ల కంపెనీ నుంచి రిటైరయ్యాక మేమూ వెల్బీకే మారిపోయాం. అద్దెల వసూలు, రిపేర్లు ఆయన చూసుకునేవారు. మాకు పిల్లలు లేరు. ముసలితనంలో మమ్మల్ని చూసేది ఆ ఎనిమిది అద్దెలే అని అందరితోనూ చెప్పుకునేదాన్ని.

మూడేళ్ళ క్రితం వెల్బీ కౌన్సిల్‌కి ఒక చట్టం చేయాలని బుద్ధి పుట్టింది. అద్దెకుండే ప్రతివాళ్ళూ ఇమిగ్రేషన్ కాగితాలు చూపించి టౌన్ హాల్లో పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ లేనివాళ్ళకి ఇల్లిస్తే ఓనర్‌కి రోజుకి వెయ్యి డాలర్ల ఫైన్. ఊరి చివర కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే గ్వాటెమాలా దేశం వాళ్ళని ఊరు దాటించడానికే ఇదంతా అని ఎవరూ దాచుకోలేదు కూడా.

ఆ మీటింగ్‌లో మా ఆయన లేచారు. చేతిలో ఫైల్. మేం ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచీ వచ్చిన ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచిన ఫైల్ అది. దాన్ని పైకెత్తి చూపించి, "మేం లైన్లో నిలబడి వచ్చాం. గ్రీన్ కార్డు కోసం పదకొండేళ్ళు కాచుకున్నాం. రూల్ అందరికీ ఒకటే ఉండాలి" అన్నారు ఇంగ్లీషులో. హాలు హాలంతా లేచి నిలబడింది. మేయర్ దిగివచ్చి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఊరికి మీలాంటివాళ్ళే కావాలన్నాడు.

అబద్ధం ఎందుకు, నాకూ ఒళ్ళు పొంగింది. నాలుగేళ్ళుగా నా పేరు అడగాలని కూడా తోచని పక్కింటావిడ మర్నాడు కేక్ పట్టుకొచ్చి "ఉమా" అని పిలిచింది. ఉమామహేశ్వరిలో సగమైనా పలికింది కదా అని మురిసిపోయాను.

చట్టం అక్టోబర్ ఒకటిన అమల్లోకి వస్తుందన్నారు. మాలాంటివాళ్ళకి గడువంటే ఎంత భయమో తెల్లవాళ్ళకి తెలీదు. అక్టోబర్‌లో మొదలయ్యే వీసాకి ఏప్రిల్ ఒకటి తెల్లవారకముందే కాగితాలు పంపిన జాతి మాది. ఒక్కరోజు ఆలస్యమైతే సూట్‌కేసులు సర్దుకోవాలి. అందుకే జూలై నెలాఖరుకే మా బిల్డింగ్‌లో గ్వాటెమాలా వాళ్ళుండే మూడు తలుపుల మీద నోటీసులు పడ్డాయి. ఆగస్టు ముప్ఫై ఒకటికల్లా ఖాళీ చేయాలి. మిగతా ఐదు అపార్ట్‌మెంట్లలో తెల్లవాళ్ళున్నారు. వాళ్ళని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

ఆ మూడిట్లో ఒకటి ఆరో నంబరు. అందులో డెల్మీ, ఎనిమిదేళ్ళ కూతురూ ఉండేవారు. డెల్మీ మంచి మనిషి. నా మోకాలి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు వరసగా వచ్చి, నేను అడగకుండానే తల దువ్వి, జడ వేసి వెళ్ళింది. ఆ పిల్ల నన్ను ఆంటీ అనేది. మా ఇంటికొచ్చే తెలుగు పిల్లల్ని చూసి నేర్చుకుంది.

నోటీసు చూసిన మర్నాడు డెల్మీ కాగితాలు తీసుకుని మా ఇంటికొచ్చింది.

"సర్, ఇది వర్క్ పర్మిట్. ఇక్కడ ఆశ్రయం ఇమ్మని వేసిన అసైలం కేస్ పెండింగ్‌లో ఉంది. జడ్జి డేట్ ఇచ్చాడు. నేను లీగల్‌గానే ఉన్నాను" అంది తనకొచ్చిన ఇంగ్లీషులో.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "పెండింగ్ అంటే ఇంకా అప్రూవ్ కాలేదనే కదమ్మా" అన్నారు.

పెండింగ్ అంటే ఏమిటో పదకొండేళ్ళు నిద్రలో కూడా కలవరించిన మనుషులం మేము. డెల్మీ నావైపు చూసింది. నేను ఫోన్ చూసుకున్నాను.

తల్లీకూతుళ్ళు ఆగస్టు ముప్ఫై ఒకటినే వెళ్ళిపోయారు. డెల్మీ గది ఊడ్చి, స్టవ్ తుడిచి, తాళం చెవులు కవర్లో పెట్టి మరీ వెళ్ళింది. ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదట. ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో వ్యాన్‌లో ఏడు వారాలున్నారట. పిల్లకి ఆస్తమా. అక్టోబర్ చలికి రెండుసార్లు హాస్పిటల్‌లో చేర్చాల్సి వచ్చింది. ఇదంతా నాకు తరవాత కోర్టు కాగితాల్లో చదివితే తెలిసింది.

సెప్టెంబర్ ఇరవై తొమ్మిదిన ఫెడరల్ జడ్జి ఆ చట్టాన్ని ఆపేశాడు. అది ఒక్కరోజు కూడా అమల్లోకి రాలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. గంటకి ఆరువందల డాలర్ల లాయర్‌ని పెట్టుకుని అప్పీలుకెళ్ళింది. అక్కడా ఓడిపోయింది. ఓడిపోయినవాళ్ళు అవతలి లాయర్ల ఫీజులు కూడా కట్టాలట. అన్నీ కలిపి ఇరవై ఆరు లక్షల డాలర్లు. ఊళ్ళో ఉన్నది పన్నెండు వేలమంది. ఇంటి పన్నులు పెంచారు. లైబ్రరీ వారానికి రెండు రోజులే తెరుస్తున్నారు. ఉన్న రెండు అంబులెన్సుల్లో ఒకటి అమ్మేశారు. పక్కింటావిడ పన్ను బిల్లు పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి, "మీ ఆయన ఆ రోజు లేచి రెచ్చగొట్టకపోతే ఈ ఖర్చు వచ్చేదా?" అని అరిచింది. ఈసారి కేక్ లేదు.

అప్పటికే మూడు కుటుంబాలూ కలిసి మా మీద కేసు వేశాయి. జాతి చూసి ఇళ్ళు ఖాళీ చేయించారని. మా ఆయన మేయర్ దగ్గరికి పరిగెత్తారు.

"మేం ఎవర్నైనా ఖాళీ చేయించమన్నామా? చట్టం అమల్లోకే రాలేదు కదా. మీరు చేసింది మీ సొంత నిర్ణయం" అని చేతులు దులుపుకున్నాడు ఆ పెద్దమనిషి. కూర్చోమని కూడా అనలేదట.

మా లాయర్ లెక్క తేల్చాడు. ఓడితే తొమ్మిది లక్షల డాలర్లు. బిల్డింగ్ అమ్మితే వచ్చేదీ అంతే. ఒక్కటే దారి, ఇన్సూరెన్స్. ఓనర్ వద్దన్నా వినకుండా మేనేజర్, అంటే మా ఆయన, చేసి ఉంటే ఇన్సూరెన్స్ కడుతుంది. ఓనర్ తెలిసి చేయిస్తే పైసా ఇవ్వదు. "జరిగింది ఏమిటో మీకే తెలుసు" అని నా మొహంలోకి చూశాడు.

ఆ సాయంత్రం మా ఆయనే అన్నారు. "నువ్వు వద్దన్నావని చెప్పెయ్ ఉమా. తప్పంతా నా మీదకి తోసెయ్. నా పేరు మీద ఏముంది పోడానికి?"

నెల రోజులు ప్రాక్టీస్ చేశాను. అందరి దగ్గరా ఆయన్ని తిట్టాను. మైకు పిచ్చి మనిషి, చప్పట్లకి కక్కుర్తిపడి నా కొంప ముంచాడన్నాను. ఫోన్లో చెల్లెళ్ళతో అన్నాను, పూజకొచ్చినవాళ్ళతో అన్నాను. ఆయనే వాళ్ళకి కాఫీలు అందించారు. అని అని, నిజంగానే వద్దన్నానేమో అని నాకే నమ్మకం కుదిరింది.

వాంగ్మూలం రోజు లాయర్ల ఆఫీసులో పెద్ద బల్లకి అటువైపు డెల్మీ కూర్చుంది. బాగా చిక్కిపోయింది. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాను. ప్రతి ప్రశ్నా రెండుసార్లు వినిపిస్తే ఆలోచించుకోడానికి టైముంటుందని నా తెలివి. కావ్యశ్రీ అని ఒక అమ్మాయి వచ్చింది. "నమస్తే ఆంటీ" అని నా పక్కన కూర్చుంది.

వాళ్ళ లాయర్ అడిగింది, నోటీసులు అంటించడం మీకు ఇష్టమేనా అని.

"లేదు. నేను వద్దన్నాను. చిన్నపిల్ల ఉంది, ఆగమన్నాను. ఆయన వినలేదు" అన్నాను. ప్రమాణం చేసి మరీ అన్నాను. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. కావ్యశ్రీ ఇంగ్లీషులో చెప్పింది.

ఆ లాయర్ లాప్‌టాప్ మావైపు తిప్పింది. ఆరో నంబరు గుమ్మం. కూతురు స్కూల్ నుంచి ఒక్కతే వస్తుందని డెల్మీ తలుపు పక్కన పెట్టుకున్న బెల్ కెమెరా అట. అది మాటలు కూడా పట్టుకుంటుందని మాకు తోచలేదు. తోచినా, తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అనుకునేవాళ్ళం.

బొమ్మలో మా ఆయన నోటీసు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇంత తొందరెందుకే? అక్టోబర్ దాకా టైముందిగా. చిన్నపిల్లుంది పాపం."

నా గొంతు. ఎంత గట్టిగా ఉందో. "ఆగితే ఫైన్ ఎవరు కడతారు, మీ మేయరా? పిల్లుంటే నేనేం చెయ్యను? అంటించండి. ఆ టేప్ కాదు, బ్లూ టేప్ వెయ్యండి. ఆ టేప్‌కైతే తలుపు పెయింట్ ఊడొస్తుంది."

కావ్యశ్రీ నావైపు చూడకుండా ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులోకి మార్చింది. టేప్ మాట దగ్గర ఆమె గొంతు తగ్గిపోయింది. మా లాయర్ పెన్ను మూత పెట్టేశాడు. బిల్డింగ్ అక్కడే పోయింది.

డెల్మీ నన్నే చూస్తోంది. ఎవరూ అడగకుండానే ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది. ప్రతి మాటా నాకు అర్థమైంది. చాలు, ఇక చెప్పొద్దని కావ్యశ్రీ చెయ్యి పట్టుకున్నాను. చెప్పడం ఆ అమ్మాయి డ్యూటీ.

"అప్పుడు తలుపు లోపలే ఉన్నాం నేనూ, పాపా. ఆంటీ ఎందుకు అంత గట్టిగా అరుస్తోందని పాప అడిగింది. మనల్ని పంపొద్దని ఆయనతో పోట్లాడుతోందని చెప్పాను. ఇప్పటికీ పాప అదే నమ్ముతోంది అంటున్నారు, ఆంటీ."