హద్దురాయి మీది రాతిపువ్వు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మూడో ఏట మా ఆయన పోయాడు. ఆయన పోయిన ఏడాదికే మరిది ఆనందరావు మా చేల మధ్య హద్దురాయిని ఆరడుగులు జరిపాడు. ఆ ఆరడుగుల్లోనే నా బావి ఉంది. పల్నాడులో బావి పోయినదానికి చేను ఉన్నా లేనట్టే.

రాయి జరిగిందని నాకు చెప్పింది రాతిపువ్వు. ఇరవై ఏళ్ళుగా మాచర్ల గుట్టల్లో దాన్ని గీకి, ఎండబెట్టి, సయీదా మసాలా కొట్టుకు ఇస్తున్నాను. బూడిదరంగు ఆకులా ఉండి, అడుగున నల్లగా ఉంటే అదే రాతిపువ్వు. నలిపితే వాసనొస్తుంది. మా చేలల్లో అది నీడ తగిలే ఉత్తరపు వైపే పడుతుంది. గోరుతో గీకినా ఊడని పసుపు పాచి వేరు. దానికి ఎండ కావాలి, అందుకే దక్షిణం వైపు ఉంటుంది.

తగువు తీర్చడానికి పెద్దమనుషులు చేలోకి వచ్చే రోజున గురజాల నుంచి మా అన్న ఆరోగ్యస్వామిని పిలిపించుకున్నాను. నా తరఫున నిలబడటానికి నాకున్నది ఆయనొక్కడే.

"రాయి ఎక్కడిదక్కడే ఉంది. మా వదినకే కళ్ళు కనపట్టంలా," అన్నాడు ఆనందరావు.

"అయితే పసుపు పాచి ఉత్తరానికెందుకు తిరిగింది? రాతిపువ్వు ఎండకి మాడిపోతా ఉంది, చూడండి. జరిపి పాతేటప్పుడు రాయి అటుదిటయింది," అన్నాను.

పెద్దమనుషుల్లో ఒకరు, మా ఏసు గుడిలో ప్రార్థన చెప్పే ఉపదేశి సుందరరావుగారు వంగి, రెండు వైపులా గీకి వాసన చూశారు. "రాజమ్మ చెప్పేది నిజమేరా," అన్నారు.

ప్రాణం లేచొచ్చింది. "ఇంక నువ్వు మాట్లాడన్నా," అన్నాను.

"ఆయనేం మాట్లాడతాడు వదినా? ఇంత రాయి నేనొక్కణ్ణే మోశానా ఏంది? రెండో పక్క పట్టింది ఆయనే. ఆయన కూతురు కృపామణిని మా వాడికి చేసుకుంటామన్నాం," అన్నాడు ఆనందరావు.

కంచే చేను మేసింది. మరిది దొంగ అని ముందే తెలుసు కాబట్టి వాడి మీద వచ్చింది కోపమే. అన్న మీద ఏం వచ్చిందో చెప్పడానికి నాకు మాట లేదు.

"నా బిడ్డకి నీళ్ళున్న ఇల్లు దొరికిద్దనుకున్నా రాజమ్మా," అన్నాడు అన్న.

రాయిని పాత చోటే పాతించారు. మళ్ళీ రెండో పక్క అన్నే పట్టాడు. పని అయ్యాక, చెమట తుడుచుకుంటూ నన్ను మంచినీళ్ళడిగాడు. పుట్టింటి మనిషికి ఏనాడూ నా చేత్తో చెంబు అందించకుండా లేను.

"బావి అదుగో. తోడుకో," అన్నాను.