మా ఆయన పెట్టిన గుర్తు

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. బాగుచేసిన ప్రతి గడియారానికీ మూత లోపల సూదిమొనతో ఒక చిన్న గీత గీస్తారు. రేపెవరైనా వేరే గడియారం తెచ్చి "మీరు చేసిందే, ఆగిపోయింది" అని దబాయించకుండా. మంచి అలవాటే, కాదనను. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా నాన్న పోతూ నాకో వెండి నాణెం ఇచ్చారు. డబ్బాలోంచి బయటికి రాని నాణెం, కొత్తలో ఉన్న మెరుపు ఉన్నట్టే ఉంది. నేను బట్టలు కుడతాను. ఇరవై ఏళ్లుగా కాలితో తొక్కే మిషనే. కుడి మోకాలు ఇక నావల్ల కాదంటోంది. ఆ నాణెం అమ్మి కరెంటు మిషను కొనుక్కోవాలని నా ఆశ.

నాణేల షాపాయన దాన్ని భూతద్దంలో తిప్పి తిప్పి చూశారు. "నాణెం ఎంత బాగుందో పరీక్షించి గ్రేడు ఇచ్చే ఆఫీసుంది, ముందు అక్కడ గ్రేడు వేయించండమ్మా. ఇంత శుభ్రంగా ఉంది, పైగ్రేడు ఖాయం. ఒకటి కాదు, రెండు మిషన్లు కొనుక్కోవచ్చు. తుడవకండి, కడగకండి, అంచులే పట్టుకోండి" అన్నారు. మూడు రోజులు దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. నాలుగో రోజు, గ్రేడు వేసే ఆఫీసులో ఇచ్చి రమ్మని మా ఆయన చేతికిచ్చాను. బుద్ధి గడ్డి తిని ఇచ్చాను.

నెల తర్వాత నాణెం గాజులాంటి పెట్టెలో సీలు వేసుకుని షాపుకి వచ్చింది. మేమిద్దరం వెళ్లాం. పెట్టె లోపల చీటీ. షాపాయన చదివారు: "ఈ మధ్య గీసిన గీత ఉంది. గ్రేడు ఇవ్వలేదు."

"ఈ మధ్యా? ఆ ఆఫీసువాళ్లే గీసుంటారు!" అని గొంతు పెంచాను. మా ఆయన భూతద్దం లాక్కుని చూశారు. మొహం వెలిగిపోయింది.

"మనదేనోయ్! మార్చలేదు. ఇదిగో నా గుర్తు!"

షాపాయన కుర్చీలో కూలబడ్డారు.

"మీరు గీశారా?" అన్నాను.

"ముక్కూ మొహం తెలియని ఆఫీసు. మంచిది ఉంచేసుకుని అరిగిపోయిందేదో మన చేతిలో పెడితే? అందుకే సన్నగా, ఎవరికీ కనబడకుండా..."

"కనబడనిది చూడటమే కదండీ వాళ్ల పని!"

"తేదీ కూడా వేద్దామనుకున్నా. చోటు చాల్లేదు."

ఒళ్లు మండిపోయింది. "అమ్మేసేదానికి గుర్తెందుకండీ?" అని అరిచాను. ఇప్పుడిక వెండి ధర తప్ప రాదని షాపాయన నేలచూపులు చూస్తూ చెప్పారు. నాన్న ఇచ్చినదాన్ని తూకానికి అమ్మనన్నాను. దారి పొడుగునా ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే మిషను ముందు కూర్చునేసరికి మా ఆయన వచ్చి పక్కనే నేలమీద చతికిలబడ్డారు. "నువ్వు గుడ్డ పట్టుకో, తొక్కే పలక నేను నొక్కుతా" అంటూ రెండు చేతులతో దాన్ని నొక్కడం మొదలుపెట్టారు. మిషను ఒకసారి పరుగెత్తింది, ఒకసారి ఆగింది. కుట్టు వంకరపోయింది. విప్పాను. మళ్లీ వంకరపోయింది.

"నెమ్మదిగా! ఇది ఎవరి చొక్కా అనుకున్నారు?"

"ఇలాగా?"

"అలా కాదు!"

ఆయన గడియారాల షాపు తెరిచే వేళ దాటిపోయింది. ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. లేవలేదు.

"నా కోపం ఇంకా తీరలేదండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు, తలెత్తకుండా. "ఇంకా ఎన్ని చొక్కాలున్నాయి?"