లేని స్కానర్ కోసం

ఫొటో స్టూడియోలో కంప్యూటర్ పొట్ట మళ్ళీ నిండిపోయింది. పాత పెళ్ళిళ్ళ ఫొటోలు తీసేసి నిన్ననే చేసిన ఖాళీ, తెల్లారేసరికి ఎటు పోయిందో తెలియదు. బడి పిల్లల గ్రూపు ఫొటోలు దిద్ది సేవ్ నొక్కితే "చోటు లేదు" అంటోంది. మధ్యాహ్నానికి బడివాళ్ళు వచ్చేస్తారు.

ఆ స్టూడియోలో ఫొటోలు తీసేది మొగుడు, దిద్దేది పెళ్ళాం.

"పాప నడక వీడియో ఉందిగా, తీసెయ్," అన్నాడతను లెన్సు తుడుస్తూ.

"నోరెలా వచ్చిందండీ? దానికి ఇంకో కాపీ కూడా లేదు."

"రోజంతా కళ్ళముందే తిరుగుతోందిగా!"

"ఇప్పుడు తిరిగేది పరుగు. ఆ తొలి అడుగు, ధబీమని కూలబడి తనకు తనే చప్పట్లు కొట్టుకోవడం, మళ్ళీ చేయించండి చూద్దాం."

అప్పుడే వచ్చిన ఆడపడుచు నవ్వింది. ఆమెది కంప్యూటర్లు బాగుచేసే పని. "ఎవరి మీద వదినా కోపం? అన్నయ్య మీదా, దీని మీదా?"

"ఇద్దరి మీదా!"

"ముందు ఎవరెంత తింటున్నారో చూద్దాం, జరుగు."

ఫైళ్ళను పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా పేర్చింది. అన్నిటికన్నా పైన ఒక లాగ్ ఫైలు, అంటే సాఫ్ట్‌వేర్ తన సంగతులు రాసుకునే చిట్టా. ఫొటోలన్నీ కలిపినా దాని నడుముదాకా రావు. తెరిస్తే మూలిగి మూలిగి తెరుచుకుంది. లోపల ఒకటే మాట: స్కానర్ కనబడలేదు. స్కానర్ కనబడలేదు.

వదిన బుగ్గన వేలేసుకుంది. ఆ స్కానర్ అమ్మేసి చాలా కాలమైంది!

"అన్నయ్యా, వస్తువు అమ్మి దాని సాఫ్ట్‌వేర్ ఉంచేశావా? తెర వెనక కూచుని క్షణానికోసారి వెతుక్కుంటోంది, దొరకనప్పుడల్లా ఒక ఫిర్యాదు రాసుకుంటోంది."

"స్కానర్ పోతే దాని గోలా పోతుందనుకున్నానే!"

వదిన ఫైలు తీసెయ్యబోతే "వాడుకలో ఉంది" అని మొరాయించింది. ముందు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆపి, తర్వాత ఫైలు తీసేసి, సాఫ్ట్‌వేర్‌నూ సాగనంపారు. బోలెడు చోటు! సేవ్ నొక్కింది. ఫొటోలు బుద్ధిగా వెళ్ళి కూచున్నాయి. పాప వీడియో జోలికి ఎవరూ పోలేదు.

"ప్రింటర్‌కీ ఇలాంటిదే ఒకటుంది వదినా. అది కావాలి కాబట్టి హద్దు పెడదాం. లాగ్ ఇంత దాటితే పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. ఒకే గోడు పదే పదే వస్తే ఒక్కసారే రాస్తుంది."

"మీ అన్నయ్యక్కూడా అలాంటి హద్దు పెట్టొచ్చా?"

"అన్నయ్య పాత మోడల్, కుదరదు."

హద్దు పనిచేస్తోందో లేదో చూద్దామని వదిన ప్రింటర్ వైరు పీకింది. ముగ్గురూ తెరకు మొహాలు ఆనించి చూశారు. "ప్రింటర్ కనబడలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ఎంతసేపు చూసినా ఫైలు ఒళ్ళు చేయలేదు.

"భలే! ఏదీ, నన్నొకసారి పీకనీ," అన్నాడు మొగుడు.

"ముందు ఫొటోలు రానివ్వండి మహానుభావా!" అని ఆమె వైరు తగిలించింది. పళ్ళూడిన చిన్న తరగతి మొత్తం నవ్వుకుంటూ ప్రింటర్లోంచి బయటికొచ్చింది.