మూడు పచ్చ పొట్లాలు

పరిశోధన గది తలుపుకు సీలు వేసేశారు. స్యూ-చెన్ తుడుపుకర్ర పట్టుకుని అద్దంలోంచి లోపలికి చూసింది. వరి మొలకలు పెంచే అల్మరాలు రెండు. ఎడమదాని నెత్తిన పచ్చ రంగు చిరుతిండి పొట్లాలు మూడు, కుడిదాని పైన ఓ మూల ఒకటి. అన్నీ తను పెట్టినవే.

తైచుంగ్ నగరంలో ఏ యంత్రం మీద చూసినా ఆ పొట్లం ఉంటుంది. పచ్చదే కావాలి, విప్పకూడదు, గడువు దాటకూడదు. అప్పుడే యంత్రం బుద్ధిగా నడుస్తుందని అందరి నమ్మకం. ఆ సంస్థలో గదులు ఊడ్చే స్యూ-చెన్, పొట్లాలు మార్చే పని కూడా మీద వేసుకుంది. కూతురు పెయ్-రు అక్కడే పరిశోధకురాలు. సముద్రపు నాచు కషాయం పోస్తే వరి మొలక త్వరగా ఎదుగుతుందని రెండేళ్లు కష్టపడి తేల్చింది. కషాయం పోసినవి ఎడమ అల్మరాలో, పోయనివి కుడిదాంట్లో. కూతురి మొలకలు కుళ్లిపోతాయేమో, ఎండిపోతాయేమో అని తల్లికి ఒకటే బెంగ. అందుకే కషాయం వైపు మూడు పెట్టింది.

ఇప్పుడు ఇంకో ఊరి పరిశోధకులు నాలుగుసార్లు అదే కషాయం పోసి చూశారట. ఏమీ ఎదగలేదట. పెయ్-రు అంకెలు కల్పించిందన్నారు. విచారణకు వచ్చిన త్వాన్ మాస్టారు తన ఎదుటే మళ్లీ చేసి చూపించమన్నాడు. రేపు పొద్దున మొదలు.

"అన్నీ ఇన్నాళ్లూ ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఆ పొట్లాల్ని కూడా ముట్టుకోకండి. వాటికి కోపమొస్తే నా వల్ల కాదు," అన్నాడాయన.

అందరూ నవ్వారు. స్యూ-చెన్‌కు మాత్రం తన అరచెయ్యి గుర్తొచ్చింది. పొట్లాలు మార్చినప్పుడల్లా ఎడమ అల్మరా పైన కాక తగిలేది. వేడి బయటికి పోయే చీలిక అక్కడే ఉంది. మూడూ జారిపోకుండా సరిగ్గా దాని మీదే పేర్చేది తను. కుడిదాని పైన చల్లగానే ఉండేది. మొలకల్ని పెంచింది కషాయం కాదు, ఆ కాకేనేమో.

నోరు విప్పకపోతే మొలకలు మళ్లీ ఎదుగుతాయి, బిడ్డ గట్టెక్కుతుంది. కానీ ఆ తర్వాత మరో ఊరివాళ్లు చేసి చూస్తారు. అక్కడ తన పొట్లాలుండవు. అప్పుడు బిడ్డను దొంగ అని తేల్చేస్తారు. నోరు విప్పితే ఆ రెండేళ్లూ ఇప్పుడే బూడిద. ఎటు తిరిగినా గోడే.

మధ్యాహ్నం పెయ్-రు వరండాలో అన్నం డబ్బా విప్పి కూర్చుంది.

"తినవే, బుగ్గలు పీక్కుపోయాయి."

"తింటున్నాగా. నన్ను జైలుకు సాగనంపుతున్నట్టు అలా చూడకమ్మా."

"తల్లీ, ఎడమవైపు పొట్లాల కింద కాకగా ఉంటుందే."

పెయ్-రు అన్నం తినే పుల్లలు కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. చీలిక మూసుకుపోయిందేమో."

"వేడి కొలిచేది అడుగున ఉంది... మొలకలేమో పై అరలో..." తనలో తను గొణుక్కుంది పెయ్-రు. అంతలోనే తల్లి మీద విరుచుకుపడింది. "ఇవాళే చెప్పాలా? ఒక్క పది రోజులు ఆగలేకపోయావా?"

పెయ్-రు తినకుండానే డబ్బా మూసి, నేరుగా మాస్టారి గదికి నడిచింది. తల్లి వెనకాలే వెళ్లింది.

"మాస్టారూ, ఒక్క మార్పు. మూడు పొట్లాలూ కుడివైపు చీలిక మీద పెట్టించండి, ఆ ఒక్కటీ ఎడమవైపు మూలన. కషాయం ఎక్కడిదక్కడే."

"కుడివైపు ఎదిగితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు. నేను తేల్చింది తప్పని నేనే రాస్తాను."

"నీకెవరు చెప్పారమ్మా ఇది?"

"మా అమ్మ చెయ్యి."

తొమ్మిది రోజులు స్యూ-చెన్ ఆ అద్దం ముందు తుడిచిన చోటే తుడిచింది. ఏ వైపు ఎదగాలని మొక్కుకోవాలో తెలియలేదు.

సీలు తీశారు. ఉత్త నీళ్లు తాగిన కుడివైపు మొలకలు వేలెడు ఎత్తు ఎక్కువున్నాయి. పెయ్-రు ఒక్కొక్కటీ స్కేలుతో కొలిచి రాసుకుంది. మాస్టారు సంతకం చేస్తూ, "అబద్ధమాడావని ఇక ఎవరూ అనరు," అన్నాడు. నెలాఖరుకు ఉద్యోగం ఉంటుందని మాత్రం అనలేదు.

"పొట్లాలు ఎప్పుడెప్పుడు మార్చావో గుర్తుందా అమ్మా? అదీ రాయాలి."

పాతవి పారేస్తే కీడని స్యూ-చెన్ అన్నీ గోనెలో వేసి చీపుళ్ల అరలో దాచింది. ఆ గోనె తెచ్చి నేల మీద గుమ్మరించింది. వాటి మధ్య కూర్చున్న పెయ్-రు ఒకటి చేతికందించింది.

"చదువమ్మా. నాకు కనబడట్లేదు."

స్యూ-చెన్ దాని మీది గడువు తేదీ చదివింది.